అరక్షణం ఆలస్యంగా నవ్వేవాళ్ళు

ఏమోయ్,

ఇక్కడ నేనూ పిల్లా క్షేమం. అక్కడ నువ్వూ, నీ హాస్టలు గదిలో గురకపెట్టే ఆ స్నేహితురాలూ క్షేమమని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ ప్రతి ఉత్తరంలోనూ రాసేవే కాబట్టి ఇందులోనూ రాశాను. ఒంటి వరకు క్షేమమే. మిగతాది చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. నాలుగు ప్రశ్నలు వేశావు. పిల్ల సరిగ్గా తింటోందా, ఏం చదువుతోంది, ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే దాన్ని పిల్ల చేతిలో ఎందుకు పెడుతున్నారు, మా తమ్ముడు ఆ రోజు మీకు చెప్పాడా లేదా. మొదటి మూడూ మామూలుగా రాసి, నాలుగోదాని కింద రెండు గీతలు గీశావు. నర్సులకు అలవాటేమో, ప్రాణం తీసే మందు పేరు కింద గీత గీయడం. నేను వరసలోనే వస్తాను. తప్పించుకుంటున్నానని అనుకుంటావు. నిజమే, తప్పించుకుంటున్నాను, కానీ ఈసారి తిరిగి తిరిగి అక్కడికే వస్తాను.

పిల్ల తింటోంది. నా వంట మీద రోజుకో ఫిర్యాదు దాఖలు చేస్తూనే తింటోంది. మొన్న కూర మాడితే, "నాన్నా, దీన్ని తినాలా, దీంతో గోడ మీద రాయాలా?" అంది. పదమూడో ఏడు వచ్చాక మన లాయరుకి నోరు ఇంకాస్త సాగింది. నువ్వు అల్లి పంపిన స్వెట్టరు చేతులు అప్పుడే పొట్టివైపోయాయి. జడ తనే వేసుకుంటోంది. పొద్దున్నే నాకంటే ముందు లేచి అలారం ఆపి, నన్ను భుజం కుదిపి లేపుతోంది. ఈ అలారం ముక్క గుర్తుంచుకో.

నాలుగో ప్రశ్న నీకు తెలియనిది కాదు కానీ, ఒకసారి వరసగా రాసుకుంటే నాకే మంచిది. రెండు నెలల కింద మీ తమ్ముడు నడిపే బస్సుకి ముందు ఎడమ చక్రం బేరింగు పట్టేసింది. బండి కాలిబాట ఎక్కి దీపస్తంభానికి గుద్దుకుంది. కండక్టరు భుజం విరిగింది. బండిలో ఏ లోపమున్నా డ్రైవరు బయల్దేరే ముందు మెకానిక్కుకి చెప్పాలి. చెప్పానంటాడు మీ తమ్ముడు. ఆ పూట మెకానిక్కుని నేను. వాడు చెప్పలేదని సంతకం పెట్టింది నేను. వాణ్ణి సస్పెండ్ చేశారు. పదో తారీకున ఆఖరి విచారణ. వాడి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ రోజు తేలుతుంది.

ఇక రెండో ప్రశ్న, చదువు. బడి పుస్తకాల ముందు కూర్చుంటుంది కానీ మనసు మాత్రం ఒక నవల మీద ఉంటుంది. బడి లైబ్రరీది. అట్ట మీద ఆకుపచ్చ కళ్ళ కుర్రాడొకడు కిటికీ తెర వెనకనుంచి తొంగి చూస్తుంటాడు. మూడుసార్లు గడువు పెంచి తెచ్చుకుంది. నువ్వు అడిగావు కదా, సంగతేమిటో చూద్దామని, అది బడికి వెళ్ళాక తీసి అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని డిపోకి పట్టుకుపోయాను. భోజనాల వేళ, షెడ్డులో మూలపడి ఉన్న ఓ పాత బస్సు వెనక సీట్లో కూర్చుని ఐదు రోజులు చదివాను. సాయంత్రం పిల్ల ఇల్లు చేరేలోపు మళ్ళీ దాని అరలో పెట్టేసేవాణ్ణి. పెళ్ళయ్యాక నేను చదివిన మొదటి పుస్తకం ఇదేనని నువ్వు నవ్వుకుంటావని తెలుసు.

కథేమిటంటే, వేరే గ్రహం నుంచి ఒక తల్లీ తండ్రీ కొడుకూ పారిపోయి వచ్చి మనుషుల్లో దాక్కుంటారు. అన్ని చుక్కలు దాటి వచ్చినవాళ్ళకి చివరికి దొరికింది రెండు గదుల అద్దె వాటా, కారే కుళాయి. ఇంటి ఓనరు ముందు నోరెత్తకుండా చేతులు కట్టుకుని నిలబడతారు పాపం. అక్కడ నాకు నవ్వొచ్చింది. వాళ్ళ గ్రహంలో నవ్వు అనేదే ఉండదట. మనుషులు ఎందుకు నవ్వుతారో తెలియక, పక్కవాళ్ళ మొహాలు చూసి, అరక్షణం ఆలస్యంగా నవ్వుతారు. పక్కవాటా అమ్మాయికి అనుమానం వస్తుంది. నాలుగో అధ్యాయంలో ఆ అమ్మాయి, దాక్కున్నవాళ్ళని గుర్తుపట్టే పద్ధతులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆలస్యంగా నవ్వడం ఒకటి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాక నోటివంక చూస్తారట. ఏమడిగినా అవునంటారట. ఫోను దగ్గరికి పోరట. అవతలివాళ్ళకి అడిగే సందు ఇవ్వకుండా తామే వాగుతారట. సాయంత్రమయ్యేసరికి ఏ పనీ చెయ్యకపోయినా అలిసిపోతారట.

ఆ పేజీ అంచున పెన్సిలు చుక్కలున్నాయి. లైబ్రరీ పుస్తకం కదా, ఎవరో పెట్టి ఉంటారులే అనుకున్నాను. ఆరు గుర్తుల పక్కన ఆరు చుక్కలు. ఏడో గుర్తు చేతులు చల్లగా ఉండటం. దాని పక్కన చుక్క లేదు. మన పిల్ల గుండ్రటి అక్షరాలతో, "కాదు, వెచ్చగానే ఉంటాయి" అని రాసి ఉంది.

ఆ మధ్యాహ్నం నేను డబ్బా మూత తియ్యలేదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఫోనుకి సిగ్నలు అందడం లేదని చెబుతూ వచ్చాను. సిగ్నలు నిక్షేపంలా ఉంది. నా చెవులే లేవు. రెండేళ్ళనుంచి పోతున్నాయి. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కానీ, శంఖమైతే నాకు బాగానే వినపడుతుంది. వినపడనివి అలారం, పాలగిన్నె పొంగే చప్పుడు, బేరింగు కూత, మన పిల్ల గొంతు. ఫోన్లో నీ గొంతు కూడా. నువ్వు మాట్లాడుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, ఏ మాటో తెలియదు. అందుకని రెండు నిమిషాలు "ఊఁ, ఊఁ" అనేసి పిల్లకి ఇచ్చేసేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో కూడా రాయని మనిషి ఇప్పుడు ఉత్తరాలు రాస్తున్నాడని నువ్వు మురిసిపోయావు. నీ స్నేహితురాలికి చదివి వినిపించానని కూడా రాశావు. ఆమెతో చెప్పు, అది ప్రేమ కాదు చెవుడని. ప్రేమ లేదని కాదు. కలం పట్టించింది మాత్రం చెవుడే.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ ఏడాది ట్రైనింగుకి వెళ్ళనా వద్దా అని నువ్వు వారం రోజులు నలిగావు. నేను వెళ్ళమన్నాను. "మీలా వెనకనుంచి తోసే మొగుడు ఎందరికుంటాడు!" అని స్టేషనులో కళ్ళు తుడుచుకున్నావు. నిజంగానే తోశాను. నువ్వు వార్డు నర్సువి. ఇంట్లో ఉంటే ఇంకో నెలలో నన్ను పట్టేసేదానివి. అది భరించలేక నిన్ను అంత దూరం పంపించాను. నీ చదువు మంచిదే, నువ్వు పైకి రావాలని నాకూ ఉంది, కానీ ఆ రోజు నా నోట వచ్చిన మాటకి కారణం అది కాదు.

డిపోలో నన్ను డాక్టరంటారని నీకు తెలుసు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవిదగ్గర పెట్టుకుని, ఎక్కడ ఏం అరిగిందో చెప్పేవాణ్ణి. పక్క డిపోలవాళ్ళు కూడా బండి తెచ్చి చూపించుకుని పోయేవాళ్ళు. అలాంటివాడు నాకు వినపడటం లేదని ఎవరితో చెప్పుకుంటాడు? స్క్రూడ్రైవరు చెవిదగ్గర పెట్టడం మానలేదు. అది నాటకం. రెండో చెయ్యి ఇంజను మీద పెట్టి, అదురు బట్టి తెలుసుకునేవాణ్ణి. ఏటా చేసే చెవుల పరీక్షలో కూడా నెగ్గాను. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కీచుమన్నప్పుడల్లా చెయ్యెత్తమంటారు. ఆ మీట నొక్కే మనిషి భుజం ఎదురుగా అద్దాల బీరువాలో కనిపిస్తుంది. భుజం కదిలినప్పుడల్లా చెయ్యెత్తాను. "ఈ వయసులో ఇంత మంచి చెవులా!" అన్నాడాయన. ఆ మాట ఆయన పెదాల మీద చదివాను.

ఇక నీ రెండు గీతల ప్రశ్న.

డ్రైవర్లు లోపాలు రాయడానికి మా దగ్గర ఒక పుస్తకముంది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటారు. అసలు నడిచే పద్ధతి వేరు. డ్రైవరు నోటితో చెబుతాడు, నేను బంపరు మీద సుద్దతో గుర్తు పెడతాను. అడ్డగీత కొడితే బండి షెడ్డులోకి, టిక్కు పెడితే రోడ్డు మీదికి. పొద్దున్నే ముప్పై బండ్లు ఒక్కసారిగా ఇంజన్లు తిప్పుతుంటే మంచి చెవులున్నవాడికే చెవులు గింగురుమంటాయి. ఎవరేం చెప్పినా నేను తలూపేవాణ్ణి. ఊపి, వెంటనే బండి చుట్టూ తిరిగి, చక్రం చక్రానికీ చెయ్యి వేసి చూసుకునేవాణ్ణి. అలా రెండేళ్ళు ఒక్క బండి కూడా దారిలో ఆగకుండా నెట్టుకొచ్చాను.

మీ తమ్ముడి బండికి మాత్రం అలా చూసుకోలేదు. ఎందుకంటే మీ తమ్ముడు రోజూ కిటికీలోంచి తల బయటపెట్టి నా మీద ఏదో ఒక జోకు వేస్తాడు. వాడి ఒంట్లో ఎముకలకంటే వేళాకోళాలు ఎక్కువ. ఆ రోజు కూడా తల బయటపెట్టాడు, నోరు కదిపాడు. పక్కనున్న క్లీనరు ఎందుకో నవ్వుతున్నాడు. నేను ఆ క్లీనరు మొహం చూసి నవ్వాను. నవ్వి, టిక్కు పెట్టాను. నేను నవ్వేసరికి, బావ అంత తేలిగ్గా తీసుకున్నాడంటే ఏమీ కాదులే అనుకుని వాడు గేరు వేశాడు.

తరవాత మేనేజరు పిలిచి, "నీకు చెప్పాడా?" అని అడిగాడు. చెప్పలేదన్నాను. మొదట అది అబద్ధమని నాకే తెలియదు సుమా. నాకు వినపడలేదు కాబట్టి వాడు చెప్పలేదనే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం మీ తమ్ముడు గేటు దగ్గర నా చొక్కా పట్టుకున్నప్పుడు వాడి కళ్ళు చూశాను. చెప్పినవాడి కళ్ళవి. ఆ క్షణంనుంచి అది అబద్ధమే. ఆ తరవాత రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే మాట చెప్పి, కింద సంతకం పెట్టాను. పిల్ల మీద ఒట్టేసి చెబుతున్నాడని నువ్వు రాశావు కదా. వాడు వేసిన ఒట్టు నిజం.

ఇన్నాళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానని అడుగుతావు. నీతి పుట్టుకొచ్చిందని అనుకోకు. ఆ నవలలో పదకొండో అధ్యాయముంది. వేరే గ్రహంవాళ్ళ కోసం వెతికేవాళ్ళు పొరపాటున బడిలో లెక్కల మాస్టారుని పట్టుకుపోతారు. ఆకుపచ్చ కళ్ళ కుర్రాడు తెర వెనక నిలబడి చూస్తూ ఉంటాడే కానీ బయటికి రాడు. పోయిన ఆదివారం మధ్యాహ్నం పిల్ల వరండాలో కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటుంటే, ఊరికే అడిగినట్టు అడిగాను.

"నీ పుస్తకం నేనూ చదివానులే. ఆ కుర్రాడు బయటికొచ్చి నేనే అని చెప్పెయ్యొచ్చుగా?"

దానికి ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. బ్రష్షు పక్కన పెట్టి, లేచి వచ్చి, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. ఒక్కో మాటా విడదీసి అంది.

"చెప్తే వాళ్ళందర్నీ పట్టుకుపోతారు నాన్నా. భయం వెయ్యదా?"

"మరి మాస్టారో?"

"మాస్టారికేం కాదు. ఆయన మనిషేగా. ఎప్పటికైనా వదిలేస్తారు." నా మోకాలి మీద చెయ్యి వేసి, "మామయ్యని కూడా మళ్ళీ తీసుకుంటారులే," అంది.

అది నాతో కొన్ని నెలలుగా ఇలాగే ఎదురుగా కూర్చుని మాట్లాడుతోందని అప్పుడు గమనించాను. దుకాణంలో ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, "ఎన్ని కావాలంటున్నాడు నాన్నా," అని నా వైపు తిరిగి మళ్ళీ చెప్పడం, రోడ్డు మీద నడిచేటప్పుడు నాకు కాస్త వినపడే కుడివైపుకే రావడం, అలారం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేను దాక్కుంటున్నానని అనుకున్నాను. నన్ను దాస్తున్నది అది.

"నీకెలా తెలుసే?" అన్నాను.

"ఆ రోజు నువ్వు డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి డిపోకి వచ్చాను కదా. మామయ్య చెప్పాడు. 'బావా, ముందు ఎడమ చక్రం కూస్తోంది, చూడు,' అన్నాడు. నువ్వు నవ్వావు. నీకు వినపడలేదు కదూ?"

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. పోయిన వారం మామయ్య బడి దగ్గరికి వచ్చాడు. నువ్వక్కడే ఉన్నావుగా, విన్నావుగా, ఒక్క మాట చెప్పమ్మా అన్నాడు." తల దించుకుంది. మళ్ళీ నాకు కనపడాలని ఎత్తింది. "నాకేం వినపడలేదు మామయ్యా అన్నాను."

అర్థమైందా? చెవులు నిక్షేపంలా ఉన్న పిల్ల వినపడలేదంది. చెవుల్లేనివాణ్ణి నేనేమో, విచారణలో అన్నీ వినపడేవాడిలా కూర్చుని వాడు చెప్పలేదన్నాను. మనం దానికి అబద్ధం ఆడొద్దని చెంపదెబ్బలు కొట్టి మరీ నేర్పాం. నా కోసం అది తన మేనమామ మొహం మీద అబద్ధమాడింది. దాన్ని మాత్రం కోప్పడకు. కోపమంతా ఇటు పంపించు.

సోమవారం పొద్దున కాగితం రాసి మేనేజరు బల్ల మీద పెట్టాను. మీ తమ్ముడు చెప్పాడనీ, నాకు వినపడలేదనీ, రెండేళ్ళుగా వినపడటం లేదనీ, తెలిసి తెలిసి తప్పుడు సంతకం పెట్టాననీ అన్నీ రాశాను. ముందు నీకు రాసి, నీ జవాబు చూసుకుని ఇద్దామనుకున్నాను. నువ్వు ఆగమంటావని భయం, వెళ్ళమంటావనీ భయం. అందుకే అడగలేదు. ఆయన కాగితం చదివి, తలెత్తి, గొంతు చించుకుని అరుస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతకు ముందు నిమిషం దాకా మామూలుగా మాట్లాడిన మనిషే! గోడ అవతల గుమాస్తాలందరికీ నా చెవుడు వినపడింది. మధ్యాహ్నానికి నన్ను టైర్ల గోడౌనులో కూర్చోబెట్టారు. నా మీద వేరే విచారణ ఉంటుందట. స్క్రూడ్రైవరు నా స్థానంలోకి వచ్చినవాడికి ఇచ్చేశాను. మీ తమ్ముణ్ణి పదో తారీకు తరవాత తీసుకుంటారని గుమాస్తా ఒక చీటీ మీద రాసి చూపించాడు. కాబట్టి నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది, వాడి ఉద్యోగమూ దొరుకుతుంది. ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే బాగుండేది.

నిన్న సాయంత్రం మీ తమ్ముడింటికి వెళ్ళాను. పిల్ల వద్దన్నా వెంట వచ్చింది. మీ మరదలు తలుపు తీసి, నన్ను చూసి, పిల్లని మాత్రం లోపలికి రమ్మంది. ఇద్దరం వెళ్ళాం. పనిలేక ఇంట్లో కూర్చున్నవాడు ఎన్నిసార్లని తుడిచిందే తుడుస్తాడు? మీ తమ్ముడు కిటికీ ఊచలకి రంగు వేస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడి అంతా చెప్పాను. వినపడలేదన్నాను, తెలిశాక కూడా నోరు మూసుకున్నానన్నాను, కాగితం ఇచ్చానన్నాను, తప్పయిందన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. మీ మరదలు రెండో కిటికీ తలుపులు వేసిందంటే పెద్దగానే వచ్చి ఉంటుంది.

వాడి కుంచె ఆగింది. తరవాత మాట్లాడటం మొదలుపెట్టాడు. వాడి మెడ వెనక నరాలు కదలడం చూసి మాట్లాడుతున్నాడని తెలిసింది. మొహం కిటికీ వైపే ఉంది. నేను పెదాలు చూడలేను. అది వాడికి తెలిసి చేశాడో, నా మొహం చూడలేక చేశాడో నాకు తెలియదు. చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూనే మళ్ళీ రంగు వెయ్యడం మొదలుపెట్టాడు. రెండు ఊచలు పూర్తిగా వేశాడు. మధ్యలో మీ మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల నా చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను నా అలవాటు ప్రకారం తలూపుతూ ఉన్నాను.

వీధిలోకి వచ్చాక పిల్లని నా ఎదురుగా నిలబెట్టి, మామయ్య ఏమన్నాడని అడిగాను.

"ఏం లేదు నాన్నా. సరేలే బావా, అయిందేదో అయిపోయింది అన్నాడు," అంది. నవ్వింది కూడా. అరక్షణం ఆలస్యంగా నవ్వింది.

రెండు ఊచలకి రంగు వేసినంతసేపు మాట్లాడినవాడు సరేలే అని ఉండడు. ఆ పిల్ల ఇప్పుడు అన్ని మాటలు లోపల పెట్టుకుని బడికి వెళ్ళి వస్తోంది. ఇవాళ పొద్దున లైబ్రరీలో పుస్తకం తిరిగి ఇచ్చేసింది. పెన్సిలు రాతలన్నీ చెరిపే ఇచ్చిందట. దాన్ని మళ్ళీ అడగను. అడిగితే ఇంకో అబద్ధం ఆడాల్సి వస్తుంది.

నువ్వు మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఆ సాయంత్రం ఊచలకి రంగు వేస్తూ నాతో ఏమన్నాడో అడుగు. అడిగి, వాడి మాటలు వాడు అన్నవి అన్నట్టుగా నాకు రాసి పంపించు. బాగుండదని ఒక్క మాట కూడా తీసెయ్యకు, మెత్తగా చెయ్యకు. తిట్లుంటే తిట్లే రాయి. అవి వినవలసినవాణ్ణి నేను, మోస్తున్నది పిల్ల.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నీ పెనిమిటి